పట్టికలో లేని పని

మా గుమ్మళ్ళమెట్ట మునిసిపల్ కమిషనర్ విఠలేశ్వరరావుగారు ఒక ఆదివారం రైతుబజారుకు వెళ్ళి, భార్య చీటీ మీద రాసిచ్చినవన్నీ మరిచిపోకుండా తెచ్చారు. కొత్తిమీర కూడా తెచ్చారు. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఇలాంటిది జరగలేదట. ఒక్కో సరుకూ సంచిలో పడగానే చీటీ మీద టిక్కు పెట్టుకుంటూ నడిచానని, టిక్కు పెట్టినప్పుడల్లా ఒంట్లో ఏదో తెలియని ఆనందం పుట్టిందని ఆయనే తర్వాత సభల్లో చెప్పుకున్నారు. మామూలు మనిషికి అలాంటి ఆనందం పుడితే ఇంటికొచ్చి, కాఫీ తాగి, ఓ కునుకు తీస్తాడు. ఈయన కమిషనర్ కాబట్టి ఉత్తర్వు తీశారు.

ఆ ఉత్తర్వు పేరు ‘గృహకార్య ప్రణాళికా పట్టిక పథకం’. ఊళ్ళో కుళాయి ఉన్న ప్రతి ఇంటి గుమ్మం పక్కనా ఒక బోర్డు వేలాడాలి. రేపు ఇంట్లో చేయబోయే పనులన్నీ, ఏ పని ఏ వేళకో సహా, ఇవాళ దీపాలు పెట్టేలోగా దాని మీద రాయాలి. పని అవగానే టిక్కు పెట్టాలి. రాసిన పని చేయకపోతే తప్పు. రాయని పని చేస్తే ఇంకా పెద్ద తప్పు. దాన్ని ‘అనధికార గృహకార్యం’ అంటారు, దానికి ఎర్రచుక్క పెడతారు. మూడు ఎర్రచుక్కలు పడితే కుళాయి కట్టేస్తారు. కుళాయికీ ఇంటి పనికీ ఏమిటి సంబంధం అని అడక్కండి. మన పీక పట్టుకోవడానికి మునిసిపాలిటీ చేతిలో ఉన్నది ఆ ఒక్క కుళాయే.

ఇంకో ముక్క కూడా ఉంది. బోర్డు మీద పేరు కుళాయి ఎవరి పేరున ఉందో వాళ్ళదే ఉండాలి. ఊళ్ళో కుళాయిలన్నీ మగవాళ్ళ పేరునే ఉన్నాయి. కాబట్టి అంట్లు తోమినా, అన్నం వార్చినా, బట్టలు ఉతికినా ఆ టిక్కు ఇంటాయన ఖాతాలో పడుతుంది. రికార్డుల్లో ఆయన పేరు ‘నమోదిత కార్యకర్త’. మా ఆడవాళ్ళ పేరు రికార్డుల్లో లేదు.

చీటీ రాసుకోవడం తప్పని నేననను. నేనూ రాసుకుంటాను. వంటింటి తలుపు వెనక సుద్దముక్కతో ‘మినప్పప్పు, గ్యాసు, అత్తయ్య మందులు’ అని రాసుకుని, అయిపోయాక కొంగుతో తుడిచేస్తాను. బుర్ర తేలిక పడుతుంది. ఆ మూడు మాటలకి ఒక శాఖ, ఒక పర్యవేక్షకుడు, ఆ పర్యవేక్షకుడికి ఒక జీపు ఎందుకో మాత్రం నాకు బోధపడలేదు.

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. మా ఆయన ధనంజయరావు సహకార బ్యాంకులో పని చేస్తారు. మా అత్తగారు కనకరత్నమ్మకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. అప్పటి నుంచీ మంచమే. కుడిచెయ్యి, నోరు మాత్రం చెక్కు చెదరలేదు. మూడో మనిషిని నేను, భ్రమరాంబని. అత్తయ్యగారి పక్క ఎప్పుడు తడుస్తుందో ఆవిడకే తెలియదు. తడిసిన వెంటనే ఒళ్ళు తుడిచి పక్క మార్చకపోతే వీపు పుండ్లు పడుతుంది. ఒకసారి పడింది కూడా. అంత నోరున్న మనిషి కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం నేను కళ్ళారా చూశాను. మళ్ళీ అది చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అందుకే మా ఇంట్లో తిండి తర్వాత, నీళ్ళు ముందు.

మా వార్డుకి పర్యవేక్షకుడిగా కొండలరావు అనే అతన్ని వేశారు. అంతకుముందు కుక్కల్ని పట్టే విభాగంలో ఉండేవాడు. మొదటిరోజు వచ్చి మా బోర్డు ముందు నిలబడి, కుక్క కరిచినవాడిలా మొహం పెట్టాడు.

“అమ్మగారూ, ‘నీళ్ళు పట్టడం’ అని రాశారు. వేళ రాయలేదండి.”

“నీళ్ళు ఎప్పుడు వదుల్తారో మీరు చెప్పండి, రాసేస్తాను.”

“అది ఇంజనీరింగు వాళ్ళు చూస్తారండి. మాకు సంబంధం లేదండి.”

“ఒకే ఆఫీసేగా! వెళ్ళి అడగొచ్చుగా?”

“వాళ్ళు కింద, మేం మీదండి” అన్నాడు, అదేదో వేరే దేశం అన్నట్టు. తర్వాత కింది వరుస చదివాడు. “ఇదేంటండీ? ‘అత్తయ్య పక్క మార్చడం, తడిసినప్పుడు.’ తడిసినప్పుడు అనేది వేళ కాదండి.”

“మరి ఏం రాయమంటావు నాయనా?”

“పెద్దావిడ చేత ముందురోజే ఒక అంచనా చెప్పించుకుని రాసుకోండి. మిగతా ఇళ్ళవాళ్ళు అలాగే సర్దుకుంటున్నారండి.”

లోపల గదిలోంచి అత్తయ్యగారి గొంతు వచ్చింది. “ఎవడే అమ్మాయ్ వాడు? నా ఉచ్చకి ముహూర్తం పెట్టించమంటున్నాడా?”

కొండలరావు అది కూడా రాసుకున్నాడు. పెరట్లో దండెం మీద పట్టికలో లేని దుప్పటి ఒకటి ఆరుతుండడం చూసి, మొదటి ఎర్రచుక్క పెట్టి వెళ్ళాడు. ఆ రోజు నుంచి అత్తయ్యగారి దుప్పట్లు వంటింట్లో, పొయ్యి పక్కన ఆరేసేదాన్ని. దొంగసారా కాచేవాళ్ళు కూడా అంత భయపడి ఉండరు.

రెండో చుక్క కాఫీ వల్ల పడింది. మా ఆడపడుచు చెప్పాపెట్టకుండా వచ్చింది. కాఫీ కలుపుతుంటే కొండలరావు గుమ్మంలో దిగాడు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఊరికే నిలబెట్టడం మా ఇంటావంటా లేదు, అతనికీ ఒక గ్లాసు ఇచ్చాను. “చిక్కగా ఉందండి, ఆయ్” అని మెచ్చుకుంటూ ఆఖరి చుక్క దాకా తాగాడు. గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని, “పట్టికలో లేదు కదండీ మరి” అని చుక్క పెట్టాడు. ఛీ, ఇంత విశ్వాసం లేదేమిటి అనిపించింది. కుక్కల విభాగంలో అన్నాళ్ళు పని చేసినా వాటి గుణం ఒక్కటీ అబ్బలేదు.

ఊరంతా ఇదే గోల. మా పక్కింటి అనసూయ మేడ మీద గుమ్మడి వడియాలు పెట్టింది. మిట్టమధ్యాహ్నం మబ్బు పట్టి వాన మొదలైంది. వడియాలు పెట్టడం పట్టికలో ఉంది, ఎత్తడం మర్నాడు సాయంత్రానికి ఉంది. అప్పటికే ఆ ఇంటికి రెండు చుక్కలున్నాయి. పాపం ఆ పిల్ల మెట్ల మీద నిలబడి, కొంగు తల మీద వేసుకుని, వడియాలు మళ్ళీ పిండి అయ్యేదాకా చూస్తూ ఏడ్చింది. మర్నాడు సాయంత్రం వేళకి ఆ పిండినే చేటలోకి ఎత్తి టిక్కు పెట్టింది. కొండలరావు మెచ్చుకున్నాడు.

అనుకోకుండా వచ్చే పనుల సంగతేమిటని వార్డులో ఆడవాళ్ళం కలిసి అర్జీ పెట్టుకున్నాం. దయతో పరిశీలించి, ఒక వెసులుబాటు ఇచ్చారు. ఆకస్మిక పనులు చేసుకోవచ్చు, కాకపోతే వాటికి మూడు రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇంతలో పథకానికి వార్షికోత్సవం వచ్చింది. నిజానికి ఏడాది కాలేదు. ఆఫీసుల్లోనూ పట్టికలు పెట్టారు, అందులో ఉత్సవం ముందుకి పడిందట, రాసిన పని చేయకపోతే తప్పు కదా. ఉత్తమ గృహకార్య నిర్వాహకుడిగా మా వార్డు నుంచి మా ఆయన్ని ఎంపిక చేశారు. చుక్కలు రెండున్నా టిక్కులు ఎక్కువని! టౌన్‌హాల్లో మైకులు కట్టారు. నేను అనసూయ పక్కన కుర్చీలో కూర్చున్నాను.

“మిత్రులారా!” అన్నారు కమిషనర్‌గారు. “పట్టిక లేని ఇల్లు చుక్కాని లేని నావ. ధనంజయరావుగారి పట్టిక చూస్తే నాకు రోమాంచం కలిగింది. తెల్లారుజాము నుంచి దీపాలార్పేదాకా ఆయన విశ్రాంతి అన్నది ఎరుగరు. ఉద్యోగం చేస్తూనే రోజూ ఇడ్లీపిండి రుబ్బారు. అంట్లు తోమారు. కన్నతల్లిని పసిపాపలా సాకారు. ఇలాంటి కొడుకుని కన్న తల్లి ధన్యురాలు.”

హాలంతా చప్పట్లు. మా ఆయన లేచి, శాలువా కప్పించుకున్నారు. కాదండీ, ఇవన్నీ మా ఆవిడ చేసిందండీ అంటారేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. పిచ్చిదాన్ని. మైకు పట్టుకుని, “ఒక ప్రణాళిక అంటూ ఉంటే ఇంటి పని ఎంతసేపండీ” అన్నారు.

“వదినా, అన్నయ్యగారు రుబ్బుతారా?” అని అనసూయ నా చెవిలో అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చాక ఆ శాలువా కుర్చీ మీద పడేసి, “కొంచెం కాఫీ ఇస్తావా, గొంతెండిపోయింది” అన్నారు.

“పట్టికలో లేదండి” అన్నాను.

ఆ వారమే అత్తయ్యగారికి కడుపు చెడింది. పగలూ రాత్రీ లేకుండా పక్క మార్చాను. ఎన్ని దుప్పట్లని వంటింట్లో దాచను? ఎండకి వేయక తప్పలేదు. కొండలరావు దండెం కేసి చూసి, గుడ్డలు లెక్కపెట్టకుండానే మూడో చుక్క పెట్టేశాడు. ఆ సాయంత్రమే స్పానరు పట్టుకుని ఒకతను వచ్చి, గుమ్మం ముందు గుంటలో మా కుళాయి వాల్వు తిప్పి, ఇనపతీగ చుట్టి, సీసం సీలు నొక్కి పోయాడు. అనసూయ ఇంటి నుంచి బిందెలు మోశాను. వాళ్ళకొచ్చే నీళ్ళు వాళ్ళకే చాలవు. అయినా మాకు రెండు బిందెలు పక్కన పెట్టేది. అవి తాగడానికే సరిపోయేవి. నాలుగు రోజులకి అత్తయ్యగారి నడుము దగ్గర చర్మం ఎర్రబడింది. ఇంకో రెండు రోజులు ఇలాగే సాగితే ఏమవుతుందో నాకు తెలుసు.

కమిషనర్‌గారి గదికి వెళ్ళాను. ఆయన టేబుల్ మీద ఆయన పట్టిక ఉంది. ‘అర్జీదారులతో ఓపికగా మాట్లాడుట’ అని అందులో ఒక వరుస. నేను మాట్లాడక ముందే దానికి టిక్కు పెట్టేశారు.

“చూడమ్మా” అన్నారు. “సదరు పని అత్యవసరమనీ, సదరు పని సదరు గృహంలో వాస్తవంగా జరుగుతున్నదనీ నమోదిత కార్యకర్త స్వయంగా కమిటీ సమక్షంలో నిరూపించిన యెడల కనెక్షన్ పునరుద్ధరణ పరిశీలించబడుతుంది.”

“అలాగేనండి, రేపే రండి. చేసి చూపిస్తాను.”

“నువ్వు కాదమ్మా. మీవారు.”

“ఆయనకి దుప్పటి ఎక్కడుందో కూడా తెలియదండి బాబూ! చేసేది నేను.”

కమిషనర్‌గారు మా ఫైలు తెప్పించి, ఆ చివర నుంచి ఈ చివరకి తిరగేసి, నిజంగానే జాలిపడ్డారు. “నీ పేరు ఎక్కడా లేదమ్మా. రికార్డు ప్రకారం ఆ ఇంట్లో నువ్వే పనీ చేయడం లేదు.”

నమస్కారం పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే నిరూపణ అని కొండలరావు ముందుగా దిగాడు. అప్పటికే అత్తయ్యగారి పక్క తడిసింది. నేను దుప్పటి తీయబోతే అడ్డం పడ్డాడు. “వద్దండి, వద్దండి! ముందే మార్చేస్తే నిరూపించడానికి ఏం మిగుల్తుందండీ? సార్ వచ్చేదాకా అలా ఉంచండి.” మా ఆయన కూడా, “కాసేపేగా, కుళాయి వస్తుంది కదా” అన్నారు. కుళాయి కోసం ఊరుకున్నాను. ఆ ముసలి ప్రాణం తడిలోనే పడుకుంది. కమిషనర్‌గారు రావాల్సిన వేళ దాటి చాలాసేపటికి వచ్చారు. వెంట ఒక ఫోటోగ్రాఫరు. ఫోటో బాగుంటుందని మా ఆయన చేత ఆ శాలువా కప్పించారు. నన్ను గడప బయట నిలబెట్టారు. నమోదు కాని వ్యక్తులు లోపల ఉంటే నిరూపణ చెల్లదట.

“ప్రారంభించండి” అన్నారు కమిషనర్‌గారు.

మా ఆయన నాకేసి చూశారు. “బయటివాళ్ళు సూచనలివ్వకూడదండి” అన్నాడు కొండలరావు. ఆయన బీరువా తీసి, వెతికి వెతికి, నా పెళ్ళి పట్టుచీర బయటికి లాగారు. మళ్ళీ పెట్టేశారు. చివరికి ఏదో దుప్పటి దొరికింది. మంచం దగ్గరికి వెళ్ళి, మనిషిని పక్కకి తిప్పకుండానే కింద ఉన్నదాన్ని పట్టుకుని ఒక్క లాగు లాగారు.

“అమ్మో! చంపేస్తున్నావురా!” అని కేక పెట్టారు అత్తయ్యగారు.

మా ఆయన దుప్పటి వదిలేసి, శాలువా కొసతో కళ్ళు తుడుచుకుంటూ, “నాకు తెలీదమ్మా” అన్నారు. “నాకు రాదు.”

“నువ్వు తప్పుకోరా” అన్నారావిడ, రొప్పుతూ. “నా ఒళ్ళు ఎక్కడ నొప్పో దానికి తెలుసు. కోడల్ని పిలు.”

నేను ఈ ఇంటికి వచ్చాక ఆవిడ నోటి నుంచి నా గురించి ఒక మంచి మాట వినడం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు. లోపల కమిషనర్‌గారు మాత్రం కొండలరావుకి చెప్పి రాయిస్తున్నారు. “నమోదిత కార్యకర్తకు సదరు పని చేయుట రాదని కమిటీ గమనించినది. కావున సదరు గృహంలో సదరు పని జరుగుట లేదు. జరగని పనికి నీటి అవసరము లేదు.”

సరిగ్గా అప్పుడే వీధిలోంచి అనసూయ కేక వినిపించింది. “వదినా, నీళ్ళొచ్చాయి!” వీధంతా బిందెల చప్పుడు. ప్రతి ఇంట్లోనూ కుళాయి పోస్తోంది, మా ఇంట్లో తప్ప. వచ్చేది అరగంట, ఆ తర్వాత ఎల్లుండే.

నేను ఇక ఆగలేదు. కొండలరావుని నెట్టుకుని లోపలికి వెళ్ళాను. అప్పటికే కమిషనర్‌గారు సెలవు తీసుకోవడానికి మంచం మీదికి వంగి, “వస్తాం పెద్దావిడా, ఆరోగ్యం జాగ్రత్త” అంటున్నారు. అత్తయ్యగారు కుడిచేత్తో ఆయన మణికట్టు పట్టుకున్నారు. ఒక చెయ్యి పడిపోతే రెండో చేతికి ఆ బలం కూడా వస్తుంది కాబోలు.

“కూర్చో నాయనా.”

“నాకు వేరే కార్యక్రమం ఉందమ్మా. పట్టికలో…”

“కూర్చోమంటున్నానా! పొద్దుట్నించీ నీకోసం తడిలో పడున్నాను. మా ఇంటికి నీళ్ళొచ్చేదాకా నువ్వూ ఇందులో కూర్చో.”

లాగారు. ఆయన కూర్చున్నారు. ఎక్కడ కూర్చున్నారో కూర్చున్నాక తెలిసింది. ఫోటోగ్రాఫరు అలవాటు కొద్దీ ఒక ఫోటో తీశాడు. “తీయకు!” అని అరిచి, కమిషనర్‌గారు ఎడమచేత్తో సెల్లు తీసి ఇంజనీరింగు వాళ్ళకి ఫోన్ చేశారు. వెంటనే మనిషిని పంపి ధనంజయరావు ఇంటి సీలు తీయమన్నారు. అవతలి గొంతు గదిలో అందరికీ వినిపించింది.

“సార్, ఇవాళ్టి పట్టికలో లేదు సార్. రాయని పని చేయకూడదని మీ ఉత్తర్వే కదండీ. రేపటి దాంట్లో మొదటి వరుసలో పెట్టుకుంటాం సార్.”

“నేను చెప్తున్నానయ్యా!”

“మీరే చెప్పారు కదండీ సార్, ఎవరు చెప్పినా వద్దని.”

ఫోన్ పెట్టేశారు. బయట అనసూయ బిందె నిండి పొర్లుతున్న చప్పుడు వినిపిస్తోంది. అత్తయ్యగారు కళ్ళు మూసుకున్నారు కానీ పట్టు వదల్లేదు. తడికి, నొప్పికి ఆవిడ పెదాలు నల్లబడ్డాయి. నేను మా ఆయన కేసి చూశాను.

ఆయన శాలువా తీసి కింద పడేశారు. స్కూటరు డిక్కీలోంచి కటింగ్ ప్లేయరు తీసుకుని గుమ్మం ముందుకి పరిగెత్తారు. గుంటలో మోకాళ్ళ మీద కూర్చుని, ఇనపతీగ కత్తిరించి, సీసం సీలు అవతల పారేసి, రెండు చేతులా వాల్వు తిప్పారు. తుప్పు పట్టిన గొంతుతో పెరట్లో కుళాయి దగ్గి, దగ్గి, పోయడం మొదలెట్టింది.

కొండలరావు ఎర్రకలం మూత తీశాడు. “సార్! అనధికార పని సార్! సీలు కూడా తెంచేశాడు సార్!”

“రాయకయ్యా బాబూ!” అన్నారు కమిషనర్‌గారు, తడి పంట్లాంతో, మణికట్టు ఇంకా ముసలావిడ చేతిలో ఉండగా.

మా ఆయన ఒలకబోసుకుంటూ బిందె తెచ్చి మంచం పక్కన పెట్టారు. అప్పుడు అత్తయ్యగారు కమిషనర్‌గారిని వదిలిపెట్టారు. మా ఆయన్ని ఉంచి, మిగతా అందర్నీ బయటికి పంపి తలుపు వేశాను.

“భుజం కింద చెయ్యి పెట్టండి” అన్నాను మా ఆయనతో. “లాగకండి. నెమ్మదిగా నావైపు తిప్పండి.”

తిప్పారు. బోర్డు మీద ఆయన పేరున వేల టిక్కులున్నాయి. ఆ ఇంట్లో ఆయన నిజంగా చేసిన మొదటి పనికి మాత్రం టిక్కు లేదు.